4.6 మొదటి ఎలక్ట్రిక్ గిటారుకు తక్కువ ధర ఆంప్లిఫయర్ ఎంపిక

ఎలక్ట్రిక్ గిటారు తీగల కంపనాన్ని పికప్ విద్యుత్ సంకేతంగా మారుస్తుందని మీరు గత భాగంలో చదివారు. ఈ సంకేతం చాలా బలహీనమైనది. స్పీకరును నేరుగా నడపలేదు. అందుకే ఆంప్లిఫయర్ కావాలి. కొనేముందు ఈ అంశాలను గమనించండి.

1. సామర్థ్యం: వాట్లు రెట్టింపైతే ధ్వని స్థాయి 3 డెసిబెళ్లే పెరుగుతుంది. శబ్దం రెట్టింపుగా వినిపించాలంటే సుమారు 10 రెట్ల సామర్థ్యం కావాలి. ఇంట్లో సాధనకు 10 వాట్లు చాలు.

2. స్పీకరు: మిగిలిన డబ్బును దీనిపై వెచ్చించండి. సాధారణంగా 5 అంగుళాల స్పీకరు కంటే 8 అంగుళాల దానిలో మంద్రస్వరాలు నిండుగా పలుకుతాయి.

3. రకం: వాల్వు ఆంప్లిఫయర్లు ఖరీదైనవి, వాల్వులను అప్పుడప్పుడు మార్చాలి. ట్రాన్సిస్టరు రకం చవక, నిర్వహణ కూడా తేలిక.

4. హెడ్‌ఫోన్ సాకెట్: ఇరుగుపొరుగుకు ఇబ్బంది లేకుండా రాత్రిపూట సాధన చేయవచ్చు.

5. భద్రత: గిటారు తీగలు సాధారణంగా కేబుల్ ద్వారా ఆంప్లిఫయర్ ఎర్తుకు కలిసి ఉంటాయి. ప్లగ్గుకు మూడు పిన్నులుంటే ఎర్తు పిన్నును ఎన్నడూ తీసివేయకండి. తీసేస్తే, లోపల లోపం ఏర్పడినప్పుడు విద్యుత్తు మీ వేళ్లదాకా రావచ్చు. ఇంట్లో ఎర్తింగు లేకపోతే, ముందు అది వేయించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
20 వాట్ల ఆంప్లిఫయర్ 10 వాట్ల దానికంటే రెట్టింపు బిగ్గరగా ఎందుకు వినిపించదు?