పోయినేడు రాని దురద ఈ ఏడాది ఎందుకొచ్చింది?

పోయినేడు వానలకి అనంతపురం దగ్గర మా ఊరెళ్లి, శెనక్కాయ చేలో వయ్యారిభామ పీకాను. ఏం కాలేదు. ఈ ఏడాది పీకితే రెండో రోజుకి మెడ, చేతులు ఎర్రగా పొంగి ఒకటే దురద. "పోయినసారి ఏం కాలేదు కదరా!" అన్నాడు నాయన.

కిటుకంతా ఆ పోయినసారిలోనే ఉంది. మొక్కలోని పార్థెనిన్‌ని ఒంట్లోని టి-కణాలు అప్పుడే శత్రువుగా గుర్తుపెట్టుకున్నాయి. మళ్లీ తగలగానే దాడికి దిగాయి. అవి పోగవడానికి ఒకట్రెండు రోజులు పడుతుంది, అందుకే ఆలస్యం.

పుప్పొడికొచ్చే తుమ్ములు వేరే కథ. అది ఐజీఈ, హిస్టమిన్‌ల పని, నిమిషాల్లో మొదలవుతుంది. తుమ్ములు తగ్గించే సెట్రిజిన్ నా దురదకి పెద్దగా పనిచేయలేదు. డాక్టరు స్టెరాయిడ్ క్రీమ్ రాశారు.

నేను బెంగళూరు వచ్చేశా. నాయనేమో రోజూ ఆ చేలోనే. గ్లౌజులు, ఫుల్‌హ్యాండ్స్ చొక్కా కొనిచ్చాను. ఆ ఎండలో వేసుకుంటాడా అన్నదే డౌటు.