స్పీడ్ కోసం లైనక్స్‌కి మారుతున్నారా? బెంచ్‌మార్క్ కంటే ముందు ఇవి చూడండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది అయ్యుండాలి. అందుకే బాగానే పనిచేస్తున్న పాత ల్యాప్‌టాప్ ఉన్న చాలామంది ఇప్పుడు లైనక్స్ వైపు చూస్తున్నారు. "ఫాస్ట్ లైనక్స్" అని వెతికితే ముందు వరసలో కనిపించే పేరు క్యాచీఓఎస్. మరి రోజూ వాడుకునే కంప్యూటర్‌కి అదే సరైనదా?

ఆ స్పీడ్ ఎక్కడిది?

చాలా డిస్ట్రోలు 2003 నాటి మొదటి ఎక్స్86-64 ప్రాసెసర్ మీద కూడా నడిచేలా ప్యాకేజీలు తయారు చేస్తాయి. ఆర్చ్ లైనక్స్ ఆధారంగా వచ్చిన క్యాచీఓఎస్ మాత్రం వాటిని ఎక్స్86-64-వీ3, వీ4 స్థాయిలకు కంపైల్ చేసి ఇస్తుంది. దాంతో ఏవీఎక్స్2 లాంటి కొత్త ఇన్‌స్ట్రక్షన్లు వాడకంలోకి వస్తాయి. కెర్నెల్‌లో బోర్ లాంటి షెడ్యూలర్లూ దొరుకుతాయి. వెనకాల బరువైన పని నడుస్తున్నా స్క్రీన్ మీద విండోలు ఆగకుండా కదలాలన్నదే వీటి ఉద్దేశం.

కోడ్ కంపైల్ చేయడం, ఫైల్స్ కంప్రెస్ చేయడం లాంటి పనుల్లో ఈ తేడా తెలియొచ్చు. కానీ మీ ల్యాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్ ఉంటే అసలు ఇబ్బంది ప్రాసెసర్‌ది కాదు. పది ట్యాబ్‌లు తెరిస్తే నిండిపోయేది ర్యామ్. అక్కడ డిస్ట్రో మార్చడం కంటే ఒక సాటా ఎస్ఎస్‌డీ వేయించడం ఎక్కువ పనిచేస్తుంది.

ఇంకో మెలిక ఉంది. ఇంటెల్ కోర్ చిప్‌లలో ఏవీఎక్స్2 వచ్చింది 2013 నాటి నాలుగో తరంతో. అదే కాలపు పెంటియమ్, సెలెరాన్ చిప్‌లలో అది లేదు. టెర్మినల్‌లో ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి, ఫ్లాగ్స్ వరసలో ఏవీఎక్స్2 ఉందో లేదో చూసుకోండి.

క్లియర్ లైనక్స్ నేర్పిన పాఠం

ఇంటెల్ సొంతంగా తయారుచేసిన క్లియర్ లైనక్స్ ఏళ్ల తరబడి బెంచ్‌మార్క్‌లలో ముందుండేది. 2025 జూలైలో ఇంటెల్ దాన్ని ఆపేసింది, దాంతో సెక్యూరిటీ అప్‌డేట్లూ ఆగిపోయాయి. నెట్ బ్యాంకింగ్ చేసే కంప్యూటర్‌లో అప్‌డేట్లు రాకపోతే ఎంత స్పీడ్ ఉన్నా ఏం లాభం? అందుకే డిస్ట్రో ఎంచుకునేటప్పుడు "ఎంత ఫాస్ట్?" అనే ప్రశ్నతో పాటు "ఎన్నాళ్లు అప్‌డేట్లు వస్తాయి?" అని కూడా అడగాలి.

ఎవరికి ఏది?

4 జీబీ ర్యామ్, పాత ప్రాసెసర్: లైనక్స్ మింట్ ఎక్స్ఎఫ్‌సీఈ ఎడిషన్. డెస్క్‌టాప్ తేలిక. మింట్ 22 సిరీస్‌కి 2029 వరకు అప్‌డేట్లు ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు వాడే కంప్యూటర్‌కీ ఇదే మేలు.

8 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ: ఫెడోరా. కొత్త కెర్నెల్స్ త్వరగా వస్తాయి. ర్యామ్ నిండుతున్నప్పుడు డేటాను కుదించి ర్యామ్‌లోనే ఉంచే జీర్యామ్ ముందే ఆన్ అయి ఉంటుంది. ఒక్కో వెర్షన్‌కి సపోర్ట్ సుమారు 13 నెలలే కాబట్టి ఏడాదికోసారి అప్‌గ్రేడ్ తప్పదు.

కొత్త ప్రాసెసర్, గేమింగ్ లేదా కోడింగ్, టెర్మినల్ అంటే భయం లేనివాళ్లు: క్యాచీఓఎస్. ఇది రోలింగ్ డిస్ట్రో, అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి. అప్పుడప్పుడూ ఏదో ఒకటి చెడొచ్చు. బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ ఎంచుకుని స్నాప్‌షాట్లు పెట్టుకుంటే వెనక్కి వెళ్లొచ్చు.

ఇన్‌స్టాల్ చేసే ముందు

పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా బూట్ చేసి ఒక పూట వాడి చూడండి. వైఫై, సౌండ్, ప్రింటర్, తెలుగు టైపింగ్ అన్నీ సరిగ్గా ఉన్నాయా? వాలొరెంట్ ఆడేవాళ్లయితే అది లైనక్స్‌లో నడవదని ముందే తెలుసుకోండి. ఫైల్స్ బ్యాకప్ తీసుకున్నాకే ఇన్‌స్టాల్ బటన్ నొక్కండి.

మా మాట: చాలామందికి మింట్ లేదా ఫెడోరా, దానికి తోడు ఒక ఎస్ఎస్‌డీ సరిపోతాయి. అవి వాడుతూ చేయి తిరిగాక ఇంకా వేగం కావాలనిపిస్తే, క్యాచీఓఎస్ ఎప్పుడైనా వేసుకోవచ్చు.