ఏ అవయవము గొప్పది?

ఛాందోగ్యోపనిషత్తులో ఒక చిత్రమైన కథ కలదు. వాక్కు, కన్ను, చెవి, మనస్సు, ప్రాణము తమలో ఎవరు గొప్పవారని వాదులాడుకొని ప్రజాపతి కడకు పోయెనట. ఎవరు విడిచిపోయినచో దేహము మిక్కిలి హీనస్థితిని పొందునో వారే గొప్పవారని ఆయన తీర్పు చెప్పెను. మొదట వాక్కు ఒక సంవత్సరము వెడలిపోయెను. దేహము మూగదై బ్రతికెను. కన్ను పోయెను, గ్రుడ్డిదై బ్రతికెను. చెవి పోయెను, చెవిటిదై బ్రతికెను. మనస్సు పోయెను, పసిబిడ్డ వలె బ్రతికెను. తుదకు ప్రాణము బయలుదేరబోగా తక్కినవన్నియు తమ చోట నిలువలేకపోయెను. అప్పుడవి ప్రాణమే గొప్పదని ఒప్పుకొనెను.

ఈ కథ వలన మన పూర్వులు ఊపిరి యొక్క ప్రాధాన్యమును చాటిరి. నేటి శరీరశాస్త్రము ఆ తగవును మఱియొక రీతిగా తీర్చుచున్నది. అవయవములలో గొప్పది ఏది అని అడుగుటకంటె, అవి ఒండొంటితో ఏ విధముగా ముడిపడి యున్నవో తెలిసికొనుట మేలని అది బోధించుచున్నది.

దేహనిర్మాణములో ఒక క్రమము కలదు. అన్నిటికంటె చిన్నది జీవకణము. సాధారణముగా అది సూక్ష్మదర్శినితో గాని కనబడదు. ఒకే పనికి ఏర్పడిన కణములు గుంపుగూడి కణజాలమగును. పలు తీరుల కణజాలములు కలిసి అవయవమగును. ఒక ప్రయోజనము కొఱకు పాటుపడు అవయవముల కూటమికి మండలమని పేరు. జీర్ణాశయమునే చూడుడు. దాని లోపలి పొర జీర్ణరసమును ఊరించును. చుట్టునున్న కండరము ఆహారమును చిలుకును. నాడులు ఆ కండరమును నడిపించును. రక్తనాళములు అన్నిటికిని పోషణ నిచ్చును. నోరు, అన్నవాహిక, జీర్ణాశయము, ప్రేవులు, కాలేయము, క్లోమము కలిసి జీర్ణమండలమగుచున్నవి. ఇట్టివే శ్వాసమండలము, రక్తప్రసరణ మండలము, నాడీమండలము, విసర్జన మండలము, ఎముకల మండలము, కండర మండలము, వినాళ గ్రంథుల మండలము మొదలగునవి. చదువుకొనుటకు వీలుగా మనము వీనిని వేఱు వేఱు పాఠములుగా విభజించుకొంటిమి. దేహమునకు ఆ విభజన తెలియదు.

ఎముకలనే ఉదాహరణముగా తీసికొందము. పెద్దవారి దేహములో 206 ఎముకలు ఉండును. అవి దేహమును నిలబెట్టు గుంజలు మాత్రమే యని పలువురు తలంతురు. కాని రక్తకణములు పుట్టునది ఎముకల మూలుగలోనే. ఎఱ్ఱ రక్తకణము సుమారు 120 దినములు జీవించి నశించును. అందుచే క్రొత్త కణములు ఎడతెగక పుట్టవలెను. రక్తములో ఆమ్లజని తక్కువైనచో ఆ కొఱతను గుర్తించునది ఊపిరితిత్తి కాదు, మూత్రపిండము. అది ఒక రసాయనమును రక్తములోనికి విడిచి, మఱిన్ని ఎఱ్ఱ కణములను పుట్టింపుమని మూలుగకు కబురు పంపును. ఒక మండలములోని లోటును మఱియొకటి కనిపెట్టును, వేఱొకటి తీర్చును. మూత్రపిండములు చెడిన రోగులకు రక్తహీనత కూడ కలుగుటకు ఇదియే ముఖ్యకారణము.

ఈ పొత్తు శ్రమవేళ మఱింత స్పష్టముగా తెలియును. సిద్దిపేట జిల్లాలోని నారాయణరావుపేటలో యాసంగి వడ్లు తూకమునకు వచ్చు దినములను ఊహించుడు. ఒక హమాలి 40 కిలోల బస్తాను వీపున మోసి లారీ కెక్కించుచున్నాడు. చూచువారికి అది కండల బలమని తోచును. కాని ఆ క్షణమున అతని దేహములో పనిచేయని మండలము లేదు. మెదడు ఆజ్ఞ యిచ్చును. చిన్నమెదడు తూలిపోకుండ సంబాళించును. ఎముకలును కీళ్లును బరువును తాళును. కండరములలో పుట్టిన బొగ్గుపులుసు వాయువు రక్తములో హెచ్చకుండ, మెదడు అడుగునగల మజ్జాముఖము ఊపిరిని త్వరితము చేయును. విశ్రాంతివేళ నిమిషమునకు 72 సారులు కొట్టుకొనుచు సుమారు 5 లీటర్ల రక్తమును నెట్టు గుండె, కఠినశ్రమలో అంతకు మూడు నాలుగింతలు నెట్టవలసి వచ్చును. అధివృక్క గ్రంథులు ఎడ్రినలిన్ అను రసమును రక్తములో కలుపును. దాని ప్రేరణచే కాలేయము తాను దాచియుంచిన చక్కెరను విడుదల చేయును. ప్రేవులకు పోవు రక్తము తఱిగి కండరములకు మళ్లును. కడుపునిండ భుజించిన వెంటనే బరువుపని చేయుట కష్టమగుటకు ఇది యొక కారణము.

కండరమునకు శక్తి యెక్కడిదన్న రహస్యమును విప్పినవారిలో ఒకరు తెలుగువారు. ఆయన 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయములో సైరస్ ఫిస్కేతో కలిసి పనిచేయుచు, 1927లో కండరమునందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము కలదని ప్రకటించెను. 1929లో వారు అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మఱియొక పదార్థమును కండరమునుండి వేఱుచేసిరి. ఆ సంవత్సరమే జర్మనీలో లోమన్ కూడ దానిని స్వతంత్రముగా కనుగొనెను. కండరము ముడుచుకొనుటకు చేతిరొక్కము వంటిది ఈ రెండవ పదార్థము. అది తఱిగినపుడు వెంటనే పూరించు చిన్న నిలువ వంటిది మొదటిది. అయితే గట్టి శ్రమలో ఈ నిలువ కొన్ని సెకండ్లకు మించి రాదు. పిమ్మట జీర్ణమండలము సంపాదించిన ఆహారసారమును, శ్వాసమండలము తెచ్చిన ఆమ్లజనిని రక్తము ఎడతెగక అందింపవలసినదే. తన బలముతో తాను బ్రతుకు కండరము లేదు.

పొత్తునకును ఒక హద్దు కలదు. వైశాఖమాసపు ఎండలో ఆ హమాలి రక్తమును ఇరువురు కోరుదురు. ఆమ్లజని కొఱకు కండరములు కోరును. వేడిని వెలికి పంపుటకు చర్మము కోరును. స్వేదగ్రంథులు ఆ రక్తములోని నీటినే చెమటగా పోయును. కఠినశ్రమలో గంటకు ఒక లీటరును మించి చెమట పోవచ్చును. మూత్రపిండములు మూత్రమును తగ్గించి నీటిని పొదుపు చేయును. దప్పిక నీరు త్రాగుమని హెచ్చరించును. ఆ హెచ్చరికను లెక్కచేయనిచో రక్తము పరిమాణము తగ్గును, గుండె అలయును, చర్మము చల్లబడలేదు. దేహపు వేడి 37 డిగ్రీల సెల్సియస్ నుండి 40 డిగ్రీలు దాటి, మాట తడబడుటయో స్పృహ తప్పుటయో జరిగినచో అది వడదెబ్బ. అప్పుడు మెదడు, మూత్రపిండములు, కాలేయము వరుసగా దెబ్బతినును. అట్టి మనిషిని తక్షణము నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒడలంతయు చల్లని నీటితో తడిపి విసరవలెను. 108 వాహనమును పిలువవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును.

ఒక మండలమునే చూచి తక్కినవానిని మఱచుట యెంత ప్రమాదమో వైద్యచరిత్ర నేర్పినది. ఆ చరిత్రలో హైదరాబాదునకు ఒక ముఖ్యస్థానము కలదు. 1847లో శస్త్రచికిత్సకు క్లోరోఫారమును మత్తుమందుగా వాడుట మొదలయ్యెను. మఱుసటి సంవత్సరమే ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను 15 ఏండ్ల బాలిక, కాలివ్రేలి గోరు తీయించుకొనుటకు ఆ మందును పీల్చి కొన్ని నిమిషములలో మరణించెను. అట్టి మరణములు మఱికొన్ని సంభవించెను. ముందు ఆగునది గుండెయా, ఊపిరియా? వైద్యులు రెండు పక్షములుగా చీలిపోయిరి. ఒక పక్షమువారు నాడిని చూడుమనిరి. రెండవ పక్షమువారు ఊపిరిని చూచిన చాలుననిరి.

హైదరాబాదు వైద్యపాఠశాల అధ్యక్షుడు ఎడ్వర్డు లారీ రెండవ పక్షమువాడు. ఆయన పూనికతో 1888లో ఒక సంఘమును, 1889లో రెండవ సంఘమును ఏర్పడి జంతువులపై పరీక్షలు జరిపెను. రెండవదానికి నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయము చేసెను. లండనులోని లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్ అను ప్రసిద్ధవైద్యుని పంపెను. వందలకొలది జంతువులను పరీక్షించి, ఊపిరియే ముందు ఆగుననియు, ఊపిరిని కనిపెట్టియున్నచో గుండెకు అపాయము లేదనియు వారు తేల్చిరి.

పరీక్షలు బహుశ్రద్ధతో జరిగినవే. ఐనను తీర్పు నిలువలేదు. 1911లో లండనులో గుడ్‌మన్ లెవీ అను వైద్యుడు పిల్లులపై పరీక్షలు చేసి, క్లోరోఫారము కొద్దిగా పట్టినప్పుడే ఎడ్రినలిన్ గుండెను తాకినచో గుండె లయతప్పి, వణకి, హఠాత్తుగా ఆగిపోవచ్చునని నిరూపించెను. ఎడ్రినలిన్ భయము కలిగినపుడు అధివృక్క గ్రంథులనుండి వెలువడునట్టిది. అనగా రోగి మనస్సులోని భయము నాడుల ద్వారా గ్రంథికి, గ్రంథినుండి రక్తము ద్వారా గుండెకు చేరగలదు. గుండెయా, ఊపిరియా అని వాదించిన ఇరుపక్షములవారును మూత్రపిండములపై టోపీల వలె కూర్చున్న ఆ చిన్న గ్రంథులను లెక్కలోనికి తీసికొనలేదు.

కాలక్రమమున వైద్యులు క్లోరోఫారమును విడిచిపెట్టిరి. నేడు శస్త్రచికిత్స జరుగునంతసేపు మత్తువైద్యుడు రోగి తలవైపున నిలిచి నాడిని, రక్తపుపోటును, ఊపిరిని, రక్తములోని ఆమ్లజనిని ఏకకాలమున కనిపెట్టియుండును. ఒక్కటి చక్కగా నున్నదని తక్కినవానిని ఉపేక్షింపడు. చికిత్సకు ముందు రోగితో ఓదార్పుగా మాటలాడి భయము తీర్చుటయు వైద్యములో భాగమే.

అవయవములు నేడు మరల తగవులాడి వచ్చినచో శరీరశాస్త్రము ఏమని తీర్పు చెప్పును? ఊపిరి లేక గుండె లేదు. గుండె లేక మెదడు లేదు. మజ్జాముఖము ఆజ్ఞ లేక ఊపిరియే లేదు. ఈ గొలుసులో మొదటి కడియమేదో చెప్పుట కష్టము. తెగినచో తక్కినవానికి చేటు తేని కడియము మాత్రము అరుదు. కావున దాహమును ఓర్చుకొని ఎండలో పనిచేయువాడు, నిద్ర మాని రాత్రులు మేల్కొనువాడు తాను కష్టపెట్టునది ఒక్క అవయవమునే యని తలంపరాదు. ఒకదానికి చేసిన కీడును తక్కినవన్నియు పంచుకొనును. ఒకదానికి చేసిన మేలును గూడ అట్లే పంచుకొనును.