ఏటి బంగారం: కాసుకు ఎన్ని బండ్ల మన్ను?

బంగారం ధర ఎగబాకినప్పుడల్లా ఏటి ఇసుక కడిగి తీసిన రజను బజారు ధరకన్న తక్కువకే దొరుకుతుందన్న మాట ఎక్కడో ఒకచోట వినపడుతూనే ఉంటుంది. మాట బొత్తిగా అబద్ధం కాదు. ఇసుకలో బంగారం దొరకడం నిజమే. ఎంత దొరుకుతుందన్నదే ప్రశ్న.

మన కుప్పానికి పొరుగునే ఇందుకు పాత లెక్క ఒకటి ఉంది. 1802లో మైసూరు సరిహద్దు సర్వేకు వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్, కోలారు సీమలో మన్ను కడిగితే బంగారం వస్తుందని విని, చూపినవారికి బహుమానం ఇస్తానన్నాడు. ఊరిగాం రైతులు బండ్లతో మన్ను తోలుకొచ్చి ఆయన ఎదుటే కడిగారు. సుమారు 56 కిలోల మన్నుకు ఒక గ్రెయిను వచ్చింది. గ్రెయిను అంటే గ్రాములో పదిహేనో వంతు. ఆ లెక్కన గ్రాము బంగారానికి 860 కిలోలు, కాసుకు, అంటే 8 గ్రాములకు, దాదాపు 7 టన్నుల మన్ను కడగాలి. ఎద్దుబండికి ముప్పావు టన్ను చొప్పున తొమ్మిది బండ్ల పైచిలుకు! మోత కూలి, నీళ్ల ఖర్చు వేరే.

కడిగే పద్ధతిలో రహస్యమేమీ లేదు. బంగారం నీటికన్న 19 రెట్లు బరువు, మామూలు ఇసుక రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. పళ్లెంలో నీళ్లు పోసి తిప్పితే ఇసుక, అభ్రకం పొట్టు కొట్టుకుపోతాయి. అడుగున నల్లిసుక, దానితోపాటు రజను మిగులుతాయి. నల్లిసుకలో కొంత అయస్కాంతానికి అంటుతుంది, కొంత అంటదు. పాదరసంతో రజనును పట్టి కాల్చడం పాత అలవాటు. ఆ పొగ విషం. నగల అంగళ్ల ముందు దుమ్ము ఊడ్చి కడిగేవారిదీ ఇదే విద్యే. ఏటి ఇసుకకన్న ఆ దుమ్ములోనే పసిడి పాలు ఎక్కువ.

దూరదేశాల్లోనూ ఇదే వరుస. 1896లో కెనడా ఉత్తరాన క్లాండైక్ వాగుల్లో బంగారం బయటపడగానే సుమారు లక్షమంది బయలుదేరారని అంచనా. అక్కడికి చేరినవారు అందులో సగమైనా లేరు. బాగుపడినవారు మరీ కొద్దిమంది.

మన వైపు ఇసుక బంగారం రాతి బంగారానికి ఆనవాలు మాత్రమే. వారెన్ రాసింది చదివి 1870లలో మైకేల్ లావెల్ లైసెన్సు తెచ్చుకున్నాడు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీ రాతిలోకి దిగింది. తవ్వకం 3 కిలోమీటర్ల లోతు దాటింది. మొత్తంమీద సుమారు 800 టన్నుల బంగారం వచ్చింది. అదే రాతి పట్టీ కుప్పం వైపు సాగి వచ్చినందున చిగురుగుంట, బిసానత్తంలలోనూ భారత్ గోల్డ్ మైన్స్ గనులు నడిపింది. 2001లో కోలారు గనులతోపాటు అవీ మూతపడ్డాయి.

ఇక పొడి కొనేవారి సంగతి. 10 గ్రాముల పొడి నూటికి 20 తగ్గించి ఇస్తామన్నారనుకుందాం. అందులో 2 గ్రాములు నల్లిసుక, తక్కిన 8 గ్రాములు నూటికి 85 వన్నె అయితే చేతికి వచ్చే మేలిమి 6.8 గ్రాములే. ఇచ్చింది మాత్రం 8 గ్రాముల సొమ్ము. చవక బేరమనుకున్నది నూటికి 15 నష్టం! ఇత్తడి రజను కలిపి ఉంటే చెప్పనే అక్కరలేదు. నత్రికామ్లం చుక్క వేస్తే ఇత్తడి పచ్చగా పొంగి కరిగిపోతుంది, బంగారం చలించదు. పొడిని తూచి బేరమాడరాదు. ఎదుటనే మూసలో వెలిగారం వేసి కరిగించాలి. మలినం చిట్టెమై పైకి తేలుతుంది. అడుగున మిగిలిన గుండును తూచి, వన్నె కట్టించిన తర్వాతే ధర మాట్లాడుకోవాలి. గీటురాయి పొడికి పనికిరాదు, హాల్‌మార్కు పొడికి ఉండదు.

చట్టం సంగతీ ఉంది. 1968 నాటి బంగారు నియంత్రణ చట్టం 1990లో రద్దయిన మాట నిజమే. కాని 1957 నాటి గనుల చట్టం అమలులోనే ఉంది. అనుమతి లేకుండా తీసిన ఖనిజాన్ని తరలించడం, నిల్వ చేయడం కూడా దాని కింద నేరాలే. ఎక్కడ తీశారో కాగితం చూపలేనివారి సరుకు కొన్న అంగడివాడు ఆ చిక్కులో తానూ భాగస్తుడవుతాడు.