రెండవమారు వచ్చెడివారు

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి సూర్యాపేట దాటిన పిమ్మట చివ్వెంల మండలములో ప్రవేశించి, దురాజుపల్లి గుట్ట ప్రక్కగా కోదాడ వైపు సాగిపోవును. ఆ గుట్టనే జనులు పెద్దగట్టు అందురు. రెండేండ్లకొకమారు మాఘమాసములో అచట లింగమంతుల స్వామి జాతర జరుగును. తెలంగాణములో మేడారము తరువాత అంతటి జాతర ఇదియే యని ప్రతీతి. గజ్జెల లాగులు తొడిగిన యాదవులు భేరీల మ్రోతతో ‘ఓ లింగా’ యని కేకలిడుచు గుట్ట నెక్కుచుండగా, ఆ సమ్మర్దములో తల్లి వ్రేలు విడిచిన బిడ్డ ఎవరికో ఒకరికి దొరుకును. అట్టి బిడ్డను పోలీసుల సాయముతో సాయంకాలమునకు తల్లి ఒడి చేర్చుట బాలల సంరక్షణ శాఖవారి పనులన్నిటిలోను సులభమైనది. ఏలయన, అచట తల్లియు బిడ్డను వెదకుచున్నది, బిడ్డయు తల్లిని వెదకుచున్నది. తక్కిన పనులలో ఇంతటి ఏకాభిప్రాయము అరుదు.

పల్లెలలో వీరిని బాలల సహాయవాణి ఫోను సంఖ్యను బట్టి ‘1098 వాళ్లు’ అనియు, ‘ఐసీడీఎస్ మేడం’ అనియు పిలుతురు గాని, వీరి సరియైన కొలువు జిల్లా బాలల పరిరక్షణ విభాగము. 2009లో కేంద్ర ప్రభుత్వ పథకముగా ఆరంభమై, నేడు మిషన్ వాత్సల్య అను పేర నడచుచున్న ఈ వ్యవస్థలో జిల్లా బాలల పరిరక్షణ అధికారి, సంరక్షణాధికారులు, న్యాయ విషయములు చూచు అధికారి, కౌన్సిలరు, సోషల్ వర్కర్లు, ఊరూర తిరుగు అవుట్‌రీచ్ వర్కర్లు ఉందురు. నల్గొండ నుండి విడివడి 2016 అక్టోబరులో ఏర్పడిన సూర్యాపేట జిల్లాలో, చివ్వెంల తండాలు మొదలు కోదాడ సరిహద్దు వరకు, ఈ కొద్దిమందియే తిరుగవలసియుండును. వీరికి బిడ్డను గూర్చి తీర్పు చెప్పు అధికారము లేదు. ఆ యధికారము బాలల సంక్షేమ సమితిది. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు గల ఆ సమితికి 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రథమశ్రేణి మేజిస్ట్రేటు అధికారములను ఒసగినది. ఆదరణ లేని బిడ్డ ఎవరి చేతికి చిక్కినను, ప్రయాణ కాలము పోను, ఇరువదినాలుగు గంటలలో ఆ సమితి యెదుట నిలుపవలెను. ఆదేశము సమితిది, బలము పోలీసులది. కాని ఆ ఇంట ఏమి జరిగినదో, ఏల జరిగినదో తెలిసికొని వ్రాసి యిచ్చు భారము మాత్రము ఈ సోషల్ వర్కరుది. సమితి వారు బిడ్డ ఇంటిని చూడరు. ఈమె కాగితమునే చూతురు.

ఆ కాగితమునకు సామాజిక విచారణ నివేదిక యని పేరు. పదునైదు దినములలో దానిని ముగింపవలెను. ఇంట ఎవరెవరున్నారు, ఏమి తినుచున్నారు, అప్పెంత, త్రాగుడున్నదా, బిడ్డకు ఇరుగుపొరుగున ప్రేమగా చూచువా రెవరైన కలరా, బడి ఎందుకు మానినది—ఇట్టి ప్రశ్నలతో పుటలు పుటలుగా సాగు ఆ నమూనాలో ప్రతి గడియు నింపవలసినదే. ఒక్క గడిని తీసికొని చూతము: ‘బడి విడుచుటకు కారణము.’ మొదటిమారు పోయినప్పుడు తండ్రి చెప్పు సమాధానము దాదాపు ఎల్లప్పుడు ఒకటే: “దానికి సదువు అబ్బుతలేదు మేడం.” గడి నిండినది, సంతకము చేసి లేచిరావచ్చును. అనుభవము గల కార్యకర్త లేచిరాదు. నాలుగు దినములు గడచినంతట, తండ్రి ఇంట లేని వేళ చూచి, అంగన్‌వాడీ టీచరును వెంటబెట్టుకొని మరల పోవును. కలము సంచిలోనుండి తీయక, గడప మీద కూర్చుండి, నానమ్మతో మాట కలుపును. అప్పుడు తెలియును—మిరపకాయ ఏరు కాలములో తల్లి తెల్లవారకముందే ఆటోలో కూలికి పోవుననియు, చంటివానిని ఎత్తుకొనుటకు ఈ పదేండ్ల పిల్ల తప్ప ఇంట మరియొకరు లేరనియు. చదువు అబ్బకపోవుటకు మందు లేదు గాని, చంటివానిని అంగన్‌వాడీలో చేర్చినయెడల అక్క మరునాడే బడికి పోగలదు. మొదటి సమాధానమునకును రెండవ సమాధానమునకును నడుమ ఒక బాల్యము నిలిచి యున్నదనుట అతిశయోక్తి కాదు.

ఇట్టి పిల్లల తరఫున తెలుగునేలపై గట్టిగా మాటాడినవారు శాంతా సిన్హా. ఎం. వెంకటరంగయ్య ఫౌండేషను ద్వారా రంగారెడ్డి జిల్లాలో వేలకొలది పిల్లలను పని మాన్పించి బడిలో చేర్చిన ఆమెకు 2003లో మెగసెసే పురస్కారము లభించినది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషనుకు ఆమెయే ప్రథమాధ్యక్షురాలు. బడిలో లేని ప్రతి బిడ్డయు ఏదో యొక పనిలో ఉన్నట్లే యెంచవలెనన్నది ఆమె సిద్ధాంతము. హోటలులో గ్లాసులు కడుగు బాలుడు అందరి కంటను బడును. ఇంటిలో తమ్ముని ఎత్తుకొన్న బాలిక ఎవరి కంటను పడదు.

బాల్యవివాహముల సంగతి మరియొక విధము. 1098కి ఎవరో పేరు చెప్పక ఫోను చేయుదురు. పందిరి వేసియుండగా అధికారులు పోవుదురు. అచట మొదటి వివాదము వయస్సును గూర్చియే. పెండ్లివారు ఆధారు కార్డు చూపి ‘పంతొమ్మిది నిండినవి’ అందురు. కాని ఆధారు వయస్సునకు ప్రమాణము కాదని 2024లో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద పరిహార వ్యాజ్యములో స్పష్టము చేసినది. బాలల న్యాయ చట్టము చెప్పిన క్రమము వేరు: మొదట బడి యిచ్చిన జనన తేదీ పత్రము లేక పదవ తరగతి మెమో, అవి లేనప్పుడు పంచాయతీ లేక పురపాలక సంఘము వారి జనన పత్రము, అదియు లేనప్పుడే వైద్యులచే ఎముకల పరీక్ష. కావున కార్యకర్త పెండ్లి యింటికన్న ముందు బడికి పోయి, ప్రవేశ రిజిష్టరు తెరపించును. 2006 నాటి చట్టము ప్రకారము బాల్యవివాహము చేసినవారికి రెండేండ్ల వరకు కఠిన కారాగారమును, లక్ష రూపాయల వరకు జరిమానాయు పడవచ్చును; వధువునకు పదునెనిమిది నిండనిదే రాష్ట్ర ప్రభుత్వము పెండ్లి సాయముగా ఇచ్చు కల్యాణలక్ష్మి సొమ్ము 1,00,116 రూపాయలు రావు. పెక్కుమార్లు శిక్ష మాటకన్న ఈ సొమ్ము మాటకే పెద్దలు మెత్తబడుదురు. హామీ పత్రము వ్రాసి వ్రేలిముద్ర వేయుదురు. అంతటితో పని ముగిసినదని తలచి జీపు తిరిగిపోయిన రాత్రియే, కోదాడకు ఆవల మరియొక రాష్ట్రములోని బంధువుల ఊర ఆ మూడుముళ్లు పడుట కలదు. అందుచేత పెండ్లి ఆపిన దినముకన్న, వారము తరువాత పోయి పిల్ల ఇంట ఉన్నదా, కస్తూర్బా విద్యాలయములో చేరినదా యని చూచిన దినమే లెక్కకు వచ్చును.

అన్నిటికన్న కఠినమైనది పసికందుల విషయము. 1999లోను, 2001లోను లంబాడీ తండాల నుండి ఆడశిశువులను స్వల్ప ధనమునకు కొని, దత్తత పేర దూరదేశములకు పంపిన వ్యవహారములు బయటపడి, ఉమ్మడి రాష్ట్రమంతట కలకలము రేపినవి. అందులో నల్గొండ జిల్లా తండాల పేరును వినవచ్చినది. నేడు బిడ్డను సాకలేమని సమితి యెదుట అప్పగించిన తల్లిదండ్రులకు మనస్సు మార్చుకొనుటకు రెండు నెలల గడువున్నది. బీదరికము ఒక్కటియే బిడ్డను ఇల్లు వదలించుటకు కారణము కారాదు. గ్రామములలో ఏడాదికి 72,000 రూపాయలకు మించని ఆదాయము గల కుటుంబములలో అర్హులైన పిల్లలకు నెలకు 4,000 రూపాయల స్పాన్సరుషిప్పు సాయము కలదు. అయినను బేరము ఆగలేదు. 2025 మే నెలలో సూర్యాపేట పోలీసులు, ఇతర రాష్ట్రముల నుండి శిశువులను తెచ్చి సంతానము లేనివారికి విక్రయించుచున్న ముఠాను పట్టుకొనిరి.

పత్రికలలో అట్టి వార్త అచటితో ముగియును. సోషల్ వర్కరు పని అచట మొదలగును. కొనినవారు నేరము చేసినవారే—శిశువును అమ్మినను కొనినను అయిదేండ్ల వరకు శిక్ష కలదు. కాని రెండేండ్లు వారి యొడిలో పెరిగిన బిడ్డకు ఆ సంగతి తెలియదు. శిశుగృహలో ఆ బిడ్డ రాత్రివేళ ఏడ్చుచు పిలుచునది ఆ కొన్న తల్లినే. కన్నతల్లి ఎచటనో మహారాష్ట్రలోనో, గుజరాతులోనో ఉన్నచో ఆమె జాడ తీయవలెను. ఆమె అమ్మినదా, ఆమెవద్దనుండి లాగుకొనిరా యన్నది తేల్చవలెను. చట్టబద్ధమైన దత్తతకు పేరు నమోదు చేసికొని ఏండ్ల తరబడి వేచియున్న దంపతులకు అన్యాయము జరుగరాదు. ఈ బిడ్డ మనస్సును విరుగరాదు. ఈ చిక్కునకు సిద్ధముగానున్న జవాబు ఏ నిబంధనలోను లేదు. బిడ్డ ఎవరిని చూచి నవ్వుచున్నది, ఎప్పుడు అన్నము మానుచున్నది అన్న చిన్న సంగతులను ఓపికతో చూచి సమితికి తెలుపగలవారు అవసరము.

అమెరికాలోని తెలుగు కుటుంబములకు అచటి బాలల సంరక్షణ శాఖ పేరైన సీపీఎస్ అను మూడక్షరములు తెలియును. బిడ్డను కొట్టినచో ప్రభుత్వము వచ్చి తీసికొనిపోవునేమో యన్న భయమే అచట వీరికి తొలి పరిచయము. మన చట్టమును బిడ్డను సంస్థలో ఉంచుట చివరి ఉపాయమనియే చెప్పుచున్నది గాని, మన పల్లెలలో కార్యకర్తకు ఎదురగు మాట దానికి తలక్రిందులు: “హాస్టలుల ఏసుకోండ్రి మేడం, మాతోటి కాదు.” భోజనము, బట్ట, చదువు కలుగునన్న ఆశతో తల్లియే బిడ్డను అప్పగింప వచ్చినప్పుడు, ఆమెను నొప్పింపక, ఇంటనే ఉంచి సాయము చేయించుట ఇచటి నేర్పు.

లైంగిక దాడుల కేసులలో ఈ నేర్పు మరింత అవసరము. పోక్సో చట్టము ప్రకారము బాధిత బాలిక వాంగ్మూలము తీసికొను పోలీసులు యూనిఫారములో ఉండరాదు. ఆమె పేరును, ఊరును వెల్లడించుట నేరము. కాని రెండువందల గడపల పల్లెలో జీపు ఎవరి వాకిట ఆగినదో అందరికిని తెలియును. కావున వివేకము గల కార్యకర్త జీపును బడివద్దనో పంచాయతీవద్దనో నిలిపి, కాలినడకన, నాలుగిండ్లు పలుకరించుకొనుచు పోవును.

ఇంత భారము మోయువారిలో పెక్కుమంది కాంట్రాక్టు ఉద్యోగులు. బిడ్డ ఒకరిని నమ్మి నోరు విప్పుటకు నెలలు పట్టును. ఆ ఒకరి కొలువు మాత్రము ఏటేట పొడిగింపు ఉత్తర్వు కొరకు ఎదురుచూచును. కార్యకర్త మారినచో దస్త్రము కొత్తవారికి అందును గాని, ఆ నమ్మకము అందదు. బిడ్డ తన కథను మొదటినుండి చెప్పవలసివచ్చును, రెండవమారు చెప్పునో చెప్పదో యెవరెరుగుదురు? ఎందరు పిల్లలను రక్షించితిమని శాఖలు ఏటేట లెక్క చెప్పుచున్నవి. రక్షించిన పిమ్మట ఏడాదికి ఎందరి యింటికి మరల పోయితిమన్న లెక్కయు దాని ప్రక్కన ప్రకటించినచో, ఈ కొలువు విలువయు, దానికి ఈయవలసిన స్థిరత్వమును ప్రభుత్వమునకును ప్రజలకును ఒకేసారి బోధపడును.