కెమెరా కన్నా ముందు స్టాప్‌వాచ్

కొత్తగూడ నుంచి నర్సంపేట దాకా ఏ ఊళ్లోనైనా తెల్లవారకముందే ఆడపిల్ల రోడ్డు మీద పరుగు తీస్తూ కనబడితే పెద్దవాళ్లు అడిగేది ఒకటే: ‘కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డదా బిడ్డా?’ తప్పేం లేదు. మన దగ్గర పరుగంటే కొలువు. 2022 పోలీసు నియామకాల్లో మహిళలు 800 మీటర్లను 5 నిమిషాల 20 సెకన్లలో దాటితే గట్టెక్కినట్టే. అదే దూరాన్ని 2023 అక్టోబర్ 1న చైనాలోని హాంగ్‌ఝౌలో అగసర నందిని 2 నిమిషాల 15 సెకన్లలో ముగించింది. అదీ రెండు రోజుల పాటు హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు, లాంగ్‌జంప్, జావెలిన్ అన్నీ అయ్యాక, ఏడో ఆటగా! సికింద్రాబాద్‌లో చాయ్ అమ్మే తండ్రి కూతురు ఆసియా క్రీడల హెప్టాథ్లాన్‌లో కాంస్యం తెచ్చింది. ఆమెకు 5712 పాయింట్లు, నాలుగో స్థానంలో ఉన్న స్వప్న బర్మన్‌కు 5708. 800 మీటర్ల లెక్కలో ఆ నాలుగు పాయింట్లు సెకనులో మూడో వంతు కూడా కావు.

విదేశాల్లో క్రాస్‌ఫిట్ అనే కసరత్తు పోటీల చాంపియన్ల తిండి, నిద్ర, గాయాలు కూడా డాక్యుమెంటరీలయ్యాయి. మన ట్రాక్ మీదికి అలాంటి కెమెరా వస్తే ముందు ఎక్కడికి వెళ్లాలి? నన్నడిగితే పర్వతగిరి మండలం కల్లెడకు. 2016లో జిల్లాలు విడిపోయే దాకా కొత్తగూడ, కల్లెడ రెండూ వరంగల్ జిల్లావే.

నందిని కోచ్ నాగపురి రమేశ్ దగ్గరే సాన తేలిన జీవాంజి దీప్తిది ఆ ఊరు. నందిని పతకం గెలిచిన నెలలోనే, అదే హాంగ్‌ఝౌలో, ఆసియా పారా క్రీడల 400 మీటర్ల టీ20 విభాగంలో దీప్తి స్వర్ణం గెలిచింది. ఈ టీ20 క్రికెట్‌ది కాదు, మేధోపరమైన వైకల్యం ఉన్న రన్నర్ల విభాగం.

దీప్తి పేరు చెప్పగానే ఒక సినిమా దానంతటదే తయారైపోతుంది: కూలికి పోయే అమ్మానాన్నలు, ‘పిచ్చిది’ అని వెక్కిరించిన ఊరు, చివర్లో పతకం, నేపథ్యంలో వయొలిన్. అబద్ధమేమీ కాదు. కానీ ఆ సినిమా తీసేవాళ్లు అడగని ప్రశ్నలే ఎక్కువ.

సూర్యగ్రహణం పూట పుట్టిందని తల్లి చెప్పిన మాట దేశమంతా అచ్చయింది. రికార్డుల్లో దీప్తి పుట్టిన తేదీ 2003 సెప్టెంబర్ 27. ఆ ఏడాది సూర్యగ్రహణాలు రెండే, మే 31న ఒకటి, నవంబర్ 23న ఒకటి. తేదీ సరైనదైతే ఆ రోజు గ్రహణమే లేదు. తల్లిని తప్పుపట్టడానికి కాదు ఈ లెక్క. వేరుగా కనబడ్డ పసిబిడ్డ రూపానికి ఊరు ఏదో కారణం కట్టింది, కట్టిందాన్ని కన్నవాళ్లు మోశారు. మంచి డాక్యుమెంటరీ అక్కడ ఆగి ఊరిని కూడా కూర్చోబెట్టి అడగాలి.

అదే ఊరికి ఇంకో ముఖమూ ఉంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విల్లు పట్టిన వర్ధినేని ప్రణీతదీ కల్లెడే. ఇద్దరూ చదివింది అక్కడి ఆర్‌డీఎఫ్ (రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్) బడిలో. ఒక్క పల్లె నుంచి ఒకరు ఒలింపిక్స్‌కు, ఒకరు పారాలింపిక్స్‌కు వెళ్లారంటే అదృష్టం అని సరిపెట్టుకోలేం. గ్రౌండ్ ఉన్న బడి, పిల్లల కాళ్లను గమనించే పీఈటీ సారు, ఈ రెండూ ఎన్ని మండలాల్లో ఉన్నాయి?

ఇంకో మలుపు మన దేశంలోదే కాదు. దీప్తి పుట్టడానికి మూడేళ్ల ముందే ఆమె దారి మూసుకుపోయింది! 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో మేధోవైకల్య విభాగం బాస్కెట్‌బాల్ స్వర్ణం గెలిచిన స్పెయిన్ జట్టులో 12 మందికి 10 మంది ఏ వైకల్యమూ లేనివాళ్లేనని బయటపడింది. ఆ విభాగాన్నే పక్కన పెట్టేశారు. ఏథెన్స్ పోయింది, బీజింగ్ పోయింది. 2012 లండన్‌లో గానీ మళ్లీ తలుపు తెరవలేదు. కొందరు మోసగాళ్ల పాపానికి నిజమైన ఆటగాళ్లు పన్నెండేళ్లు గడప బయటే ఉన్నారు. బ్యాడ్మింటన్ కోచ్ పుల్లెల గోపీచంద్ సలహాతో దీప్తికి చేయించిన మేధోవైకల్య నిర్ధారణ పరీక్షల వెనక ఇంత చరిత్ర ఉంది.

ఇక గడియారం. 2024 మే 20న జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో దీప్తి 55.07 సెకన్లలో 400 మీటర్ల పరుగు ముగించి, అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ పేరిట ఉన్న 55.12 ప్రపంచ రికార్డును చెరిపేసింది. సెప్టెంబర్ 2న పారిస్ పారాలింపిక్స్ హీట్స్‌లో టర్కీ రన్నర్ ఐసెల్ ఓండెర్ 54.96తో దాన్నీ దాటేసింది. మర్నాడు ఫైనల్లో ఉక్రెయిన్‌కు చెందిన యూలియా షూలియార్ 55.16తో స్వర్ణం గెలిచింది, ఓండెర్ 55.23, దీప్తి 55.82. కోబే పరుగు పారిస్‌లో పడి ఉంటే స్వర్ణం దీప్తిదే. కాంస్యానికే రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది, అందరం చప్పట్లు కొట్టాం. ఆ 0.75 సెకన్లు ఎక్కడ జారిపోయాయో మాత్రం ఎవరూ అడగలేదు. 400 మీటర్లలో చివరి వంద దగ్గర ఊపిరి చాలదు, తొడలు బిగుసుకుపోతాయి, భుజాలు పైకి లేస్తాయి. ముందు ఎంత దాచుకోవాలి, ఎంత ఖర్చు పెట్టాలి అన్నదే ఆ ఆట. టీ20 రన్నర్లకు ఆ అంచనాయే గట్టి పరీక్ష. దాన్ని రమేశ్ ఎలా నేర్పారన్నదే నేను తెర మీద చూడాలనుకునే గంట.

2025లో ప్రపంచ పారా అథ్లెటిక్స్ ఢిల్లీకి వచ్చింది. దీప్తి రజతం అందుకుంది. స్వర్ణం ఈసారి ఓండెర్ ఎత్తుకుపోయింది.