చాటుమాటు తండ్రులు

పటాన్‌చెరు, పాశమైలారము, బొల్లారము పారిశ్రామికవాడల చుట్టును, ఇస్నాపూరు మొదలుకొని సంగారెడ్డి వరకును రహదారి కిరుప్రక్కల వెలసిన కిరాయి గదులలో, ఒక షిఫ్టువాడు లేచిన చాపమీదనే మరియొక షిఫ్టువాడు మేను వాల్చు నిరుకు వసతులలో, నారాయణఖేడు జహీరాబాదుల నుండియు బీహారు ఒడిశాల నుండియు వచ్చి బ్రతుకు వేలాది పురుషులయందు, పురుషునియెడనే అనురాగము గలవారు లేరనుకొనుట అమాయకత్వమే యగును. అట్టివారిలో తండ్రులును కలరనుట మాత్రము మనవారికి వింతగా తోచును.

"పెండ్లి జేస్తె అదే సక్కగైతది" యను నమ్మకము మన యిండ్లలో నేటికిని సడలలేదు. సంబంధము కుదుర్చుదురు, మూడవ నెలనుండియే "ఏమన్న విశేషమా" యని చుట్టములు వాకబు చేయుదురు, బిడ్డ పుట్టగానే ఇంటిల్లిపాదికిని అనుమానము తీరును. అతనికి అసలు చిక్కు అప్పుడే మొదలగును. బిడ్డపై మమకారము నిజము. ఆ బిడ్డను తెచ్చిన దాంపత్యము బూటకము. నోరు విప్పినచో బిడ్డ దూరమగునేమో యను భయమును, విప్పకున్నచో ఒక ఆడుదానిని జీవితాంతము మోసగించుచున్నానను అపరాధభావమును ఇరువైపుల లాగుచుండగా, జీతము పంపి, పండుగకు పోయి, ఫోనులో పాప ముద్దుమాటలు విని అతడు కాలము వెళ్ళబుచ్చును. నైట్ షిఫ్టే అట్టివానికి ఒక్కొకప్పుడు శరణ్యమగును.

భార్య గోడు ఇంతకంటె తక్కువ కాదు. 2023 నవంబరులో విడుదలయైన మలయాళ చిత్రము 'కాదల్'లో మమ్ముట్టి ధరించినది ఇట్టి తండ్రి పాత్రయే. విడాకులకై న్యాయస్థానపు మెట్లెక్కినది మాత్రము జ్యోతిక ధరించిన భార్య పాత్ర. దర్శకుడు జియో బేబీ ఆ చొరవ నామెకు విడుచుట మిక్కిలి న్యాయముగా నున్నది. మన తెలుగు అగ్రనటులలో అట్టి వేషము కట్టగల ధీరు డెవడో పాఠకులే యోచింతురు గాక!

దాపరికము లేని చోట ఈ తండ్రుల మనఃస్థితి ఎట్లుండును? కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన సుసాన్ గోలంబాక్ బృందము బ్రిటనులో దత్తత కుటుంబములను పరిశీలించి, 41 గే తండ్రుల కుటుంబములలో తలిదండ్రుల మానసిక స్వాస్థ్యము స్త్రీపురుష దంపతుల కుటుంబములకంటె మెరుగుగా నున్నదని 2014లో ప్రకటించినది. ఇందు అబ్బురపడ నక్కరలేదు: వారు ఏండ్ల తరబడి యోచించి, అధికారుల పరీక్షలకు నిలిచి, కోరి తండ్రులైనవారు. అమెరికాలో సరోగసీ ద్వారా తండ్రులైన 40 మందిని గూర్చి 2010లో వెలువడిన అధ్యయనమున, బిడ్డ వచ్చిన పిమ్మట వారి ఆత్మగౌరవము పెరిగినదనియు, కన్నవారితో సాన్నిహిత్యము హెచ్చినదనియు తేలినది. మనుమని మొగము చూచిన ముసలివారి పట్టుదల ఏ దేశమునందైనను ఎంతకాలము నిలుచును!

మన దేశమున స్వలింగ జంటలకు ఈ మార్గములు రెండును మూసియున్నవి. 2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చిన సరోగసీ చట్టము వివాహిత దంపతులకును, కొందరు వితంతు, విడాకుల స్త్రీలకును తప్ప తలుపు తీయదు. 2022 దత్తత నిబంధనల ప్రకారము ఒంటరి పురుషుడు మగబిడ్డను దత్తు తీసికొనవచ్చును, ఆడబిడ్డను కూడదు. జంటగా తీసికొనవలెనన్న రెండేండ్ల స్థిరదాంపత్యము ఉండవలెననియు అవే నిబంధనలు విధించినవి. 2021 డిసెంబరులో నగర శివారున పెండ్లి వేడుక జరుపుకొనిన హైదరాబాదు వాసులు సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్‌లు తమ వివాహమునకు చట్టపు గుర్తింపు కోరి సుప్రీం కోర్టు కెక్కిన వ్యాజ్యమున, 2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఈ నిబంధనను కొట్టివేయ నిరాకరించిరి. నాటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ మాత్రమే అది వివక్షాపూరితమనిరి. ఫలిత మేమనగా, తన స్వభావమును దాచి తాళి కట్టినవానికి తండ్రితనము సులభసాధ్యము. దాచనివాడు ఒంటరిగా దత్తు తీసికొనినను, అదే యింట ఆ బిడ్డకు పాలుపట్టి నిదురపుచ్చు రెండవవాడు చట్టము దృష్టిలో పరాయివాడే. ఆ రెండవవాని గుండెదడ ఏ పత్రమునందును నమోదు కాదు: మొదటివానికి జబ్బుచేసినచో, ప్రమాదము జరిగినచో, బిడ్డ ఎవరిది? అధికపక్షపు తీర్పు వ్రాసిన జస్టిస్ రవీంద్ర భట్ సైతము ఇట్టి కుటుంబములలోని బిడ్డలకు వాటిల్లు నష్టమును ప్రభుత్వము పరిశీలింపవలెననిరి.

చాటున క్రుంగువాని విషయమున చేయదగిన పనులు లేకపోలేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణియగు టెలిమానస్ వారి 14416 నంబరున తెలుగులోనే మాటాడువారు రాత్రింబవళ్ళు లభింతురు. ఈ స్వభావమును "మాన్పెద"మను వైద్యము వృత్తిదోషమని జాతీయ వైద్య కమిషను 2022లోనే చెప్పినది గనుక, అట్టి మాట చెప్పు వైద్యుని గడప దిగివచ్చుటయే మేలు.

2024లో కేంద్రప్రభుత్వము స్వలింగ జంటలను రేషను కార్డునకు ఒక యింటివారిగా పరిగణింపవలెనని రాష్ట్రములకు సూచించినది. ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డులేదనియు స్పష్టపరచినది. 2025 జనవరిలో సుప్రీం కోర్టు 2023 నాటి తీర్పుపై పునస్సమీక్షను త్రోసిపుచ్చుటతో దత్తత నిబంధన యథాతథముగా నిలిచినది. బియ్యము కలిసి తెచ్చుకొనవచ్చును; బిడ్డను మాత్రము ఒక్కరి పేరుననే తెచ్చుకొనవలెను.